ముడి ముందుందా, వెనకుందా: ఇంగ్లీషు కంజంక్షన్లూ ఇంటర్జెక్షన్లూ

అమ్మా, పాలకొల్లు పక్క పల్లెలో సాయంత్రాలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతున్నానని, మాటలనూ వాక్యాలనూ కలిపే కంజంక్షన్ల పాఠం దగ్గరకు వచ్చేసరికి చిక్కుపడిపోతున్నానని రాశారు. మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. 'ఆల్దో'తో మొదలైన వాక్యంలో పిల్లలు మళ్ళీ 'బట్' పెడుతున్నారు. అది తప్పని మీకు తెలుసు గాని ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నారు. 'ఆఫ్టర్', 'బిఫోర్' వంటి మాటలు ఒక పేజీలో ప్రిపొజిషన్లుగా, ఇంకో పేజీలో కంజంక్షన్లుగా కనిపిస్తుంటే ఏది నిజమని పిల్లలు నిలదీస్తున్నారు. 'ఔచ్', 'వెల్' వంటి ఇంటర్జెక్షన్ తర్వాత ఎప్పుడు కామా పెట్టాలి, ఎప్పుడు ఆశ్చర్యార్థక చిహ్నం పెట్టాలి అన్నది మూడవది. దానికి తోడు, ఒక కుర్రవాడు సంభాషణ రాస్తూ 'ఆయ్, ఐ విల్ కమ్ టుమారో' అని రాశాడని, దాన్ని కొట్టెయ్యాలో ఉంచాలో తెలియలేదని చివర్లో అడిగారు. కోనసీమలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు ఇదే పాఠం చెప్పాను కనుక నాకు తోచినంత వివరంగా రాస్తున్నాను.

పిల్లల ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో ముందు చూద్దాం. తెలుగు వాచకంలో వాళ్లు నేర్చుకున్న భాషాభాగాలు 5: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లీషు గంటలో అవే 8 అవుతాయి. మొదటి నాలుగింటికీ సరాసరి జోడీ దొరుకుతుంది. మిగిలిన అవ్యయం అనే ఒక్క బుట్టలో ఉన్న సరుకంతా ఇంగ్లీషువాళ్లు నాలుగు బుట్టల్లోకి సర్దుకున్నారు: ఆడ్‌వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్. మన పిల్లలు తడబడే తప్పుల్లో చాలా భాగం ఈ నాలుగు బుట్టల మధ్యనే ఎందుకు జరుగుతాయో ఈ లెక్క చూస్తేనే సగం తెలుస్తుంది. అందుకే నేను ఎప్పుడూ నిర్వచనంతో మొదలుపెట్టలేదు. నల్లబల్ల మీద ఆ ఐదు, ఈ ఎనిమిది రాసి గీతలు కలిపి చూపించేవాడిని.

ఇక కంజంక్షన్. ఆ మాటకు మూలం లాటిన్. 'కాన్' అంటే కూడా అని, 'జుంగెరే' అంటే జత కట్టడం అని అర్థం. ఆ 'జుంగెరే', మన సంస్కృతంలోని 'యుజ్' ధాతువు, ఇంగ్లీషులో కాడిని పిలిచే 'యోక్' అనే మాట, మూడూ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. కనుక కంజంక్షన్ అంటే కాడి అని చెబితే వ్యుత్పత్తి ప్రకారం కూడా అది తప్పు కాదు. అయితే కాడి కట్టే పద్ధతులు రెండున్నాయి. నేను క్లాసులో రేవు చూపించేవాడిని. రెండు పడవలను పక్కపక్కన చేర్చి మీద చెక్కలు పరిస్తే పంటు అవుతుంది. అందులో ఏ పడవా రెండవదానికి లోకువ కాదు. 'అండ్', 'బట్', 'ఆర్', 'నార్', 'సో', 'యెట్', 'ఫర్' కలిపే వాక్యాలు అలాంటివి. వాటిని కోఆర్డినేటింగ్ కంజంక్షన్లు అంటారు. లాంచీ వెనక తాడుతో కట్టిన నాటుపడవ సంగతి వేరు. దానికి సొంత గమనం లేదు. తాడు విప్పితే ఏటి మధ్యలో నిలబడిపోతుంది. 'ఇఫ్', 'వెన్', 'బికాజ్', 'ఆల్దో', 'అన్‌లెస్', 'దట్' మొదలైనవి ఆ తాళ్లు, అంటే సబార్డినేటింగ్ కంజంక్షన్లు. మన వ్యాకరణం సంయుక్త వాక్యం, సంక్లిష్ట వాక్యం అని చేసిన విభజన ఇదే.

ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. పుస్తకాలు చెప్పని విషయం ఒకటుంది, నా అనుభవంలో అసలు కీలకం అదే. తెలుగులో ఈ ముడి చాలావరకు ప్రత్యేకమైన మాటగా నిలబడదు. మాట తోకలో ఉంటుంది. 'అన్నయ్యా వదినా రేవు దాటి వచ్చారు' అన్నప్పుడు 'అండ్' అనే మాట ఎక్కడుంది? రెండు మాటల చివరా సాగిన దీర్ఘంలో ఉంది. 'మరియు' అన్నది నేడు ఇంగ్లీషు నుంచి తర్జుమా చేసే ప్రతి కాగితం మీదా కనిపిస్తున్నా, ఇంట్లో ఎవరూ 'అన్నయ్య మరియు వదిన' అనరు. పాత తెలుగులో ఆ మాటకు ఇంకా, అంతేకాక అని అర్థం. పిల్లలకు 'అండ్ అంటే మరియు' అని చెప్పడం వల్ల ఇంగ్లీషు రాలేదు సరికదా, తెలుగు కూడా కాస్త చెడింది.

ఒక్క క్రియ తీసుకుని తోకలు మార్చి చూడండి. వాన పడితే, వాన పడినా, వాన పడి, వాన పడుతుండగా, వాన పడేదాకా, వాన పడుతుందని. తోక మారినప్పుడల్లా సంబంధం మారింది. మన వ్యాకర్తలు వీటిలో కొన్నింటికి చేదర్థకం, అప్యర్థకం, క్త్వార్థకం అని పేర్లు కూడా పెట్టారు. ఇంగ్లీషులో క్రియకు ఈ తోకలు లేవు. అక్కడ ఆ పని చేసే మాట వాక్యఖండానికి ముందు, విడిగా, తలలాగా నిలబడుతుంది: 'ఇఫ్ ఇట్ రెయిన్స్', 'ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్', 'వైల్ ఇట్ ఈజ్ రెయినింగ్', 'అంటిల్ ఇట్ రెయిన్స్', 'దట్ ఇట్ విల్ రెయిన్'. 'వాన పడుతుందని రేడియోలో చెప్పారు' అన్న వాక్యంలో 'అని' ఖండం చివర వచ్చి ముడి వేస్తుంది. 'దే సెడ్ దట్ ఇట్ వుడ్ రెయిన్' అన్నప్పుడు 'దట్' ఖండం మొదట్లో నిలబడి అదే ముడి వేస్తుంది. తెలుగులో ముడి వెనక, ఇంగ్లీషులో ముడి ముందు. ఈ ఒక్క సంగతి పిల్లవాడి తలకెక్కితే మీ మొదటి ప్రశ్నకు సమాధానం వాడే చెబుతాడు.

ఎలాగంటే, పిల్లవాడు బట్టీపట్టిన జాబితాలో 'ఆల్దో'కు ఎదురుగా 'అయినప్పటికీ' అని ఉంటుంది. తెలుగులో 'అయినప్పటికీ' ఎక్కడ వస్తుంది? 'వాన పడింది. అయినప్పటికీ పంటు కదిలింది' అని రెండవ వాక్యం తలమీద వస్తుంది. 'ఆల్దో' వచ్చేది మాత్రం వాన పడిన ఖండం ముందు. అంటే అది 'అయినప్పటికీ' కాదు, 'పడినా' అన్న మాటలోని చివరి 'నా'. పిల్లవాడు 'ఆల్దో ఇట్ రెయిన్డ్' అని రాసి, తెలుగులో 'అయినప్పటికీ' ఉండవలసిన చోటు ఖాళీగా ఉందనిపించి, ఆ ఖాళీలో 'బట్' పెడతాడు. పైగా మన మాటల్లో 'వాన పడినా గానీ పంటు కదిలింది' అని ఊతంగా 'గానీ' కలపడం కూడా ఉంది కదా, అది ఈ తప్పుకు ఇంకాస్త బలం ఇస్తుంది. ఇంగ్లీషు లెక్కలో మాత్రం 'ఆల్దో' పెట్టగానే ఆ ఖండం తాడు కట్టిన నాటుపడవ అయిపోయింది. 'బట్' పెడితే రెండు పడవలూ సమానమని చెప్పినట్టు. ఒకే పడవను లాంచీ వెనకా కట్టి, పక్కనా చేర్చలేము. 'బికాజ్'తో మొదలుపెట్టి మధ్యలో 'సో' పెట్టడం కూడా ఇలాంటి తప్పే. ఒక మినహాయింపు మాత్రం చెప్పాలి: 'ఆల్దో'తో మొదలైన వాక్యంలో రెండవ ఖండానికి ముందు 'యెట్' రాయడం పాతకాలపు జాగ్రత్త గల ఇంగ్లీషులో ఉంది, ఇప్పటికీ తప్పు కాదు, అక్కడ అది ఆడ్‌వెర్బ్‌గా పనిచేస్తుంది.

ఈ తప్పు పిల్లలదే అనుకోకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంగ్లీషులో రాసిన సెలవు చీటీలో, జ్వరం తగ్గినా నీరసం తగ్గలేదని చెప్పడానికి, 'ఆల్దో' తర్వాత 'బట్' పెట్టాను. మా ప్రధానోపాధ్యాయులు సెలవు మంజూరు చేస్తూ, ఎర్ర సిరాతో 'ఆల్దో' చుట్టూ ఒక సున్నా, 'బట్' చుట్టూ ఒక సున్నా చుట్టి, మార్జినులో 'రెండింటిలో ఏదో ఒకటి తీసుకోండి, మాస్టారూ' అని తెలుగులో రాసి పంపారు. ఆ చీటీ ఎన్నో ఏళ్లు నా డైరీలో ఉండేది.

'అన్‌లెస్' సంగతి కూడా తోకతోనే తేలుతుంది. 'నువ్వు రాకపోతే నేను వెళ్లను' అన్నప్పుడు మన క్రియలోనే వ్యతిరేకం ఉంది. పిల్లవాడు ఆ వ్యతిరేకాన్ని మోసుకుపోయి 'అన్‌లెస్ యు డోంట్ కమ్' అంటాడు. 'అన్‌లెస్'లో ఆ 'లేకపోతే' ముందే ఉంది కనుక 'అన్‌లెస్ యు కమ్' చాలు. అలాగే 'వాన పడితే' అన్నది రేపటి మాట కాబట్టి 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అని రాస్తారు. 'ఇఫ్', 'వెన్', 'అంటిల్' తర్వాత రేపటి సంగతినైనా వర్తమానంలోనే చెప్పాలి. 'నో సూనర్' వచ్చినచోట 'దాన్' ఎందుకు రావాలో అడిగేవారికి ఒక్క మాట: 'సూనర్' తారతమ్యం చెప్పే రూపం, తారతమ్యానికి జోడీ 'దాన్'. 'హార్డ్లీ'లో తారతమ్యం లేదు గనుక దానికి 'వెన్'.

'హవెవర్', 'దేర్‌ఫోర్', 'మోర్‌ఓవర్' అనేవి కంజంక్షన్లు కావు, ఆడ్‌వెర్బులు. పరీక్ష చాలా తేలిక: జరిపి చూడండి. 'ది ఫెర్రీ, హవెవర్, లెఫ్ట్' అని 'హవెవర్'ను వాక్యం మధ్యకు జరపవచ్చు. 'బట్' అలా జరగదు. అందుకే రెండు పూర్తి వాక్యాల మధ్య కామా పెట్టి 'హవెవర్' రాస్తే వాక్యాలు కలవవు. అక్కడ ఫుల్‌స్టాపో సెమికోలనో ఉండాలి.

కామాల మాట వచ్చింది కనుక అదీ చెప్పేస్తాను. తాడు కట్టిన ఖండం ముందు వస్తే దాని తర్వాత కామా పెట్టాలి. అది వెనక వస్తే సాధారణంగా కామా అక్కర్లేదు. 'అండ్'తోగాని 'బట్'తోగాని వాక్యం మొదలుపెట్టకూడదని మా చిన్నప్పుడు బెత్తం చూపించి చెప్పారు గాని, అలాంటి నియమం ఇంగ్లీషు భాషలో లేదు. 'బికాజ్'తో మొదలుపెట్టడమూ తప్పు కాదు. కారణం మాత్రమే చెప్పి, అసలు వాక్యం రాయకుండా ఫుల్‌స్టాప్ పెట్టడమే తప్పు.

రెండవ ప్రశ్నకు తెలుగే మీకు సాయం చేస్తుంది. 'సార్వా కోతల తర్వాత', 'సార్వా కోసిన తర్వాత', 'తర్వాత వచ్చాడు' అనే మూడు మాటలు నల్లబల్ల మీద రాయండి. మొదటిదానిలో 'తర్వాత'కు ముందున్నది నామవాచకం, రెండవదానిలో క్రియ, మూడవదానిలో ఏమీ లేదు. 'తర్వాత' మాత్రం మారలేదు. ఇంగ్లీషులో 'ఆఫ్టర్' కూడా అంతే: 'ఆఫ్టర్ ది హార్వెస్ట్' అంటే ప్రిపొజిషన్, 'ఆఫ్టర్ వి హార్వెస్టెడ్ ది ప్యాడీ' అంటే కంజంక్షన్, 'హీ కేమ్ సూన్ ఆఫ్టర్' అంటే ఆడ్‌వెర్బ్. మాటకు పుట్టుకతో వచ్చిన కులం ఏదీ లేదు. వాక్యంలో చేసే పనిని బట్టే దాని పేరు. ధవళేశ్వరం ఆనకట్టతో ఇంకో ఉదాహరణ చెప్పవచ్చు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించిన ఆ పని 1852లో పూర్తయింది. 'బిఫోర్ 1852' అంటే ప్రిపొజిషన్, 'బిఫోర్ ది ఆనికట్ వాజ్ బిల్ట్' అంటే కంజంక్షన్. ఆ మాట తర్వాత కర్త, కాలం చెప్పే క్రియ రెండూ ఉన్నాయా అని వేలు పెట్టి చూపించమనండి. ఉంటే కంజంక్షన్, లేకపోతే కాదు. 'ఆనికట్' అనే మాట మన వైపు భాషల నుంచే ఇంగ్లీషుకు వెళ్లిందని కూడా చెప్పండి, పిల్లలకు సరదాగా ఉంటుంది.

కొన్నిచోట్ల మాత్రం ఇంగ్లీషు పని మారగానే మాటనే మార్చేస్తుంది. నామవాచకం ముందు 'డ్యూరింగ్', వాక్యం ముందు 'వైల్'. నామవాచకం ముందు 'బికాజ్ ఆఫ్', వాక్యం ముందు 'బికాజ్'. నామవాచకం ముందు 'డిస్పైట్', వాక్యం ముందు 'ఆల్దో'. ఈ మూడు జతలనూ బట్టీపట్టించడమే మంచిది. 'డిస్పైట్ ఆఫ్' అని రాయకుండా మాత్రం చూడండి. ఆ 'ఆఫ్' 'ఇన్ స్పైట్ ఆఫ్'కు చెందినది.

మీరు అడగలేదు గాని, మీ దగ్గర చేపల చెరువులు ఎక్కువ కనుక చెబుతున్నాను. ఒకసారి ఒక కుర్రవాడి కాంపోజిషన్ పుస్తకంలో వాళ్ల నాన్నగారి దినచర్య చదివాను. ఆయన చెరువు దగ్గరకు వెళ్లారు 'అండ్' మేత వేశారు 'అండ్' ఏరియేటర్లు ఆన్ చేశారు 'అండ్' ఇంటికి వచ్చారు 'అండ్' పడుకున్నారు. పేజీ అంతా ఇదే. వాడి మనసులో ఉన్నది మాత్రం చక్కని తెలుగు వాక్యం: 'చెరువుకు వెళ్లి, మేత వేసి, ఏరియేటర్లు ఆన్ చేసి, ఇంటికొచ్చి పడుకున్నారు.' వెళ్లి, వేసి, చేసి, వచ్చి అన్న ప్రతి 'ఇ' తోకకూ వాడు ఒక 'అండ్' అచ్చుకున్నాడు. నేను పెన్సిల్ తీసుకుని చివరి 'అండ్' ఒక్కటి ఉంచి, మిగిలిన వాటి స్థానంలో కామాలు పెట్టి, 'హీ' అన్న మాటను మొదట ఒక్కసారే ఉంచాను. ఆ తర్వాత అదే వాక్యాన్ని 'ఆఫ్టర్ ఫీడింగ్ ది ఫిష్' అని మొదలుపెట్టి ఇంకో రకంగా రాయమన్నాను. వాడు నా వైపు చూసి, 'మరి మా నాన్నగారు ముందు ఏరియేటర్లు చూస్తారండి, తర్వాతే మేత' అన్నాడు. వరుస మారితే కంజంక్షన్ మారాలని వాడికి ఆ పూటే తెలిసింది, నేను చెప్పకుండానే.

ఇంటర్జెక్షన్ గురించి చెప్పవలసింది తక్కువ. లాటిన్‌లో ఆ మాటకు మధ్యలో విసిరినది అని అర్థం. గ్రీకు వ్యాకరణంలో భాషాభాగాలు 8 ఉండేవి గాని వాటిలో ఇది విడిగా లేదు, ఆడ్‌వెర్బుల్లో కలిపేవారు. లాటిన్‌కు 'ది' వంటి ఆర్టికల్ లేకపోవడంతో ఒక చోటు ఖాళీ అయింది. ఆ చోటుకు ఇంటర్జెక్షన్ వచ్చి కూర్చుంది, ఎనిమిది లెక్క నిలిచింది. దీనికి వాక్యంలోని ఏ మాటతోనూ వ్యాకరణ సంబంధం లేదు. తీసేసినా వాక్యం కుంటుపడదు. కంజంక్షన్‌కు ఇది సరిగ్గా ఎదురు. ఆవేశం గట్టిగా ఉంటే ఆశ్చర్యార్థక చిహ్నం, మెల్లగా ఉంటే కామా: 'ఔచ్!' అని అరిచినప్పుడు మొదటిది, 'వెల్, లెట్ అస్ గో' అన్నప్పుడు రెండవది. ఇంతకంటే పెద్ద నియమం లేదు. దేవుణ్ణో రాజునో పిలిచే ఒంటి అక్షరం 'ఓ' తర్వాత కామా రాదు, అది ఎప్పుడూ పెద్ద అక్షరమే; 'ఓహ్' దాని చుట్టమే గాని అది కాదు.

జాబితా బట్టీపట్టిస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఖాళీ పూరించే ప్రశ్నలో వాలీబాల్ పోటీ ఓడిపోయామన్న వాక్యం ముందు ఒక పిల్లవాడు 'హుర్రా!' అని రాశాడు. వాడి తప్పేమీ లేదు. 'హుర్రా', 'అలాస్' రెండూ వాడు పుస్తకంలో తప్ప ఎక్కడా విననివి. నేటి మాటల్లో ఇంగ్లీషువాళ్లు కూడా వాటిని అరుదుగానే అంటారు. అందుకని తెలుగు నుంచి మొదలుపెట్టండి. 'హమ్మయ్య' అనిపించే చోట 'ఫ్యూ', 'ఛీ' అనిపించే చోట 'యక్', వేలికి చురుక్కుమన్నప్పటి 'అబ్బా'కు 'ఔచ్', గోదారి వరద చూసినప్పటి 'అబ్బా'కు 'వావ్'. మన 'అబ్బా' ఒక్కటే ఎన్ని పనులు చేస్తుందో అప్పుడు పిల్లలకే తెలుస్తుంది. ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లో ఇంటర్జెక్షన్ మాయమై, దాని భావం మాత్రం 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్' లేదా 'విత్ సారో' అన్న మాటల్లోకి వెళ్తుంది.

ఇంటర్జెక్షన్‌నూ ఆశ్చర్యార్థక వాక్యాన్నీ కలిపేయకండి. 'హౌ టాల్ ఈజ్ హీ' అంటే ప్రశ్న, 'హౌ టాల్ హీ ఈజ్' అంటే ఆశ్చర్యం. మాటల వరుస తప్ప తేడా ఏమీ లేదు. తెలుగులో ఈ పని కూడా తోకే చేస్తుంది: 'ఎంత పొడుగున్నాడు?' అంటే ప్రశ్న, 'ఎంత పొడుగున్నాడో!' అంటే ఆశ్చర్యం. ఆ చివరి 'ఓ' చేసే పనిని ఇంగ్లీషు కర్తను క్రియకు ముందు ఉంచి చేస్తుంది. నామవాచకం ఉంటే 'వాట్', ఉత్త విశేషణమో క్రియావిశేషణమో అయితే 'హౌ'.

ఇక 'ఆయ్' రాసిన మీ కుర్రవాడు. మన గోదావరి జిల్లాల్లో ఆ మాట ఔననడం ఒక్కటే కాదు, వింటున్నానని, మీ మాట మీద గౌరవం ఉందని కూడా చెబుతుంది; 'అండి'కి అది తోడబుట్టినది. ఇంగ్లీషులో నావికులు ఔననడానికి వాడే 'ఐ' అన్న మాట వినడానికి దగ్గరగా ఉన్నా, రెండింటికీ చుట్టరికమేమీ లేదు. పరీక్ష పేపరులో అయితే దిద్దేవారు స్పెల్లింగ్ తప్పనుకుని మార్కు కోస్తారు గనుక 'యెస్, సర్' అని రాయమనండి, 'యెస్' తర్వాత కామాతో. మీరు ఇచ్చిన సంభాషణ ఇద్దరు పల్లెటూరి మనుషుల మధ్య జరిగితే మాత్రం దాన్ని అలాగే ఉంచండి. మన దక్షిణాది 'అయ్యో'ను ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 2016లో తన పేజీల్లో చేర్చుకుంది. మీవాడు 'ఆయ్' తర్వాత కామా పెట్టాడని రాశారు కదా, ఆ కామా సరైన చోటే ఉంది.